ఒకే డిస్టిలరీ, రెండు వయసులు: ఈ చలికాలపు విస్కీ నోట్సు

ఈ చలికాలానికి ఒకటే నియమం పెట్టుకున్నాను. పక్కపక్కన పెట్టే గ్లాసులు ఒకే డిస్టిలరీవి (విస్కీ కాచే చోటు) కావాలి, వయసులు మాత్రం వేరుగా ఉండాలి. పొగ వాసన కొట్టే లగవూలిన్ 16 పక్కన ఆ వాసన లేని గ్లెన్‌ఫిడిక్ 18 పెడితే మనకు పొగ నచ్చుతుందా లేదా అన్నదొక్కటే తేలుతుంది, వయసు సంగతి తేలదు. సీసా మీద 12 బదులు 18 అని ఉంటే చాలాచోట్ల మూడు రెట్లు కడుతున్నాం. ఆ డబ్బులో నాలుకకు దక్కేది ఎంతో చూడాలని పంతం పట్టాను.

ముందు ఆ అంకె సంగతి. స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉండాలి. బలం, అంటే ఆల్కహాల్ వాటా, 40 శాతానికి తగ్గకూడదు. సీసా మీద వేసే వయసు లోపల కలిసిన వాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు. 12 అని రాసి ఉన్న సీసాలో పదిహేనేళ్లదీ ఉండొచ్చు, ఇరవై ఏళ్లదీ ఉండొచ్చు. ఇదంతా చాలామందికి తెలిసిందే, కానీ గ్లెన్‌డ్రోనాక్ దగ్గర ఈ చిన్న నిబంధన పెద్ద కథ అవుతుంది, అక్కడికి వస్తాను.

ఎలా చూస్తున్నామంటే

ఎడిన్‌బరోలో, చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న తెలుగువాళ్లం ఏడుగురం. 700 మి.లీ. సీసా కొంటే తలా 100 మి.లీ. బిగువు మూత ఉన్న చిన్న గాజు బుడ్డిలో అంచుదాకా పోసి, పేరు, బలం, తేదీ రాసి అంటిస్తాం. ఖరీదైన 18 ఏళ్లది కూడా ఏడో వంతుకు దిగొస్తుంది. ఒక్కడే సీసా కొని ఏడాదిపాటు తాగితే సగం ఖాళీ అయ్యాక లోపలి గాలికి రుచి చప్పబడుతుంది కూడా. సీసాను నిలబెట్టే ఉంచాలి. వైన్‌లాగా పడుకోబెడితే ఆ ఘాటుకు బిరడా మెత్తబడి విరుగుతుంది.

గ్లాసు గ్లెన్‌కెయిర్న్, అంటే కింద ఉబ్బుగా, పైన సన్నగా ఉండేది. గ్లాసుకు 15 మి.లీ. చొప్పున ఒక సాయంత్రానికి నాలుగు గ్లాసులు, అంతకు మించి పొయ్యం. 46 శాతం బలంతో నాలుగు గ్లాసులంటే ఇక్కడి లెక్కలో 2.8 యూనిట్లు (యూనిట్ అంటే 10 మి.లీ. శుద్ధ ఆల్కహాల్). ఆ తర్వాత ముక్కు చెప్పే మాట నమ్మడానికి లేదు. కారు తాళాలు ఇంట్లోనే వదిలి రావాలన్నది రెండో నియమం. స్కాట్లండ్‌లో డ్రైవింగ్ పరిమితి 2014 డిసెంబర్ నుంచి 100 మి.లీ. రక్తానికి 50 మి.గ్రా., ఇంగ్లండ్‌లో ఉన్న 80 కాదు.

పోశాక గ్లాసు మీద చిన్న మూత పెట్టి పది నిమిషాలు ఆగుతాం. వంట మాత్రం రుచి చూడటం అయ్యాకే. ఇంట్లో ఇంగువ పోపు పడితే ఆ గంటలో ఏ విస్కీ అయినా ఒకటే. అగరొత్తులకూ అదే మాట.

బలం సమం చేయకుండా పోల్చకూడదన్నది ఈసారి నేను గట్టిగా పట్టుకున్న విషయం. 43 శాతం గ్లాసు పక్కన 46 శాతం గ్లాసు పెడితే రెండోదే చిక్కగా, గొప్పగా అనిపిస్తుంది. దాన్ని వయసు ఖాతాలో రాసేస్తాం. లెక్క తేలికే: పెద్ద బలాన్ని చిన్న బలంతో భాగించి, ఒకటి తీసేసి, 15తో గుణిస్తే కలపాల్సిన నీళ్లు వస్తాయి. 46ను 43కు దించాలంటే 1 మి.లీ., 48ను 43కు దించాలంటే 1.7 మి.లీ. పిల్లల సిరప్‌తో వచ్చే 5 మి.లీ. సిరంజి దీనికి బాగా పనికొస్తుంది.

చివరగా మూడు గ్లాసుల పరీక్ష. రెండింటిలో ఒకటే విస్కీ, మూడో దాంట్లో వేరేది. వేరేది ఏదో వాసన, రుచులతోనే పట్టాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి పడితే లెక్కలోకి రాదు, మళ్లీ మళ్లీ పట్టాలి. పోసేది మా బావ. తను తాగడు, అందుకే నమ్మకం. "పాతికేళ్లదని చెప్పి ఏది పోసినా రెండు పేజీలు రాసేస్తావు కదా బావా" అని మొదటి రోజే అన్నాడు. గ్లాసుల చుట్టూ కాగితం చుట్టమన్నది కూడా తనే. రంగు చూసి వయసు ఊహించడం ఉత్త భ్రమ. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది.

టాలిస్కర్ 10, 18

స్కై ద్వీపంలో కార్బోస్ట్ దగ్గర 1830లో పుట్టిన డిస్టిలరీ. రెండు సీసాలూ 45.8 శాతమే, కాబట్టి సిరంజితో పని లేదు.

10: ముందు ఉప్పుగాలి, వెంటనే మిరియాలు. మింగాక గొంతులో మిరియాల చారు తాగినట్టు ఓ మంట, పొగ దాని వెనకాల. 18: అవే మిరియాలు, కానీ నోట్లో సగం దూరం వెళ్లాక వస్తాయి. వాటికి ముందు మామిడి తాండ్ర, కొంచెం తేనెమైనం. పొగ బాగా తగ్గింది. మూడు గ్లాసుల పరీక్షలో అందరూ, ప్రతిసారీ పట్టేశారు. వయసు తేడా ఇంత స్పష్టంగా కనబడిన జంట ఈ విడతలో ఇంకోటి లేదు. అయినా రెండోసారి పోయమంటే నేను 10నే అడుగుతాను. ఆ మొరటుతనం కోసమే కదా టాలిస్కర్ కొనేది.

బునాహావెన్ 12, 18

ఐలా అనగానే పొగ అనుకుంటాం గానీ ఈ ద్వీపపు ఈశాన్య తీరంలో 1881 నుంచి ఉన్న ఈ డిస్టిలరీ మామూలు సీసాల్లో పొగ ఉండదు. ఇవీ రెండూ 46.3 శాతమే, రంగు కలపరు, చల్లబరిచి వడకట్టరు. 18లో షెర్రీ (స్పెయిన్‌లో చేసే ఘాటైన వైన్) నింపిన పీపాల వాటా ఎక్కువ.

12లో కిస్మిస్, వేరుశెనగ, కాస్త ఉప్పు. 18లో అదే వరస: కిస్మిస్ ఎండు ఖర్జూరం అయింది, వేరుశెనగ వేయించిన బాదం అయింది, చివర్లో చెక్క వగరు, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నంత. మొదటి సాయంత్రం ముగ్గురు పట్టలేకపోయారు. కానీ అరచుక్క నీళ్లు పడ్డాక ఆ వగరే పట్టిస్తోంది. అది ఓక్ టానిన్, వయసుతో పెరిగేది. పూర్తిగా మంచి లక్షణం అననుగానీ 18ని గుర్తుపట్టే దారి మాత్రం అదే. 12కు మూడింతల ధర పెట్టేంత తేడా నాకు కనబడలేదు. గ్రూపులో ఇద్దరు ఇప్పటికీ ఒప్పుకోరు.

గ్లెన్‌డ్రోనాక్

ఇక్కడ మూడు సీసాలు: 12 (43 శాతం), ఈ మధ్య నింపిన, అలర్డైస్ అని పేరున్న 18 (46 శాతం), 2017లో నింపిన అదే 18. మూడోది గ్రూపులో ఒకాయన పెళ్లినాటి నుంచి దాచుకున్నది, ఎలాగో ఒప్పించాం.

సంగతేమిటంటే గ్లెన్‌డ్రోనాక్ 1996లో మూతబడి 2002లో తెరుచుకుంది. మధ్యలో చుక్క కూడా తీయలేదు. మరి 2017లో '18 ఏళ్లు' అని రాసి నింపిన సీసాలో ఏముంటుంది? 1999లో తీసినది ఉండాలి, అది లేదు. 1996కు ముందుది పోయాల్సిందే. అంటే సీసా మీద 18, లోపల 20 దాటినది. 2019 దాకా ఇదే పరిస్థితి, 2002 సరుకుకు 18 నిండిన 2020తో ఆ బోనస్ ఆగిపోయింది. పాత సీసాలు కొనేవాళ్లు నింపిన తేదీ ఎందుకు వెతుకుతారో ఇప్పుడు అర్థమవుతుంది. సాధారణంగా అది లేబుల్ మీద కాదు, గాజు మీద సన్నగా కొట్టి ఉంటుంది, టార్చి వేసి చూడాలి.

ఇంకో తేడా కూడా ఉంది. ఇక్కడ విస్కీ కాచే కుండలను 2005 దాకా బొగ్గు మంట మీద నేరుగా కాచేవారు, తర్వాత ఆవిరికి మారారు. కాబట్టి పాత 18, కొత్త 18 మధ్య కనిపించేది వయసా, మంటా, పీపాలా అని విడదీయలేం. నోట్సులో తేడా మాత్రం రాశాను. కొత్తది: తాటిబెల్లం, జాజికాయ, నల్ల ద్రాక్ష, తీపి ముందుకొస్తుంది. పాతది: తీపి వెనక్కి వెళ్లి చింతపండు గుజ్జులాంటి పులుపు, తోలు వాసన, గ్లాసు ఖాళీ అయ్యాక అరగంటకు కూడా పోని వాసన. 12ను వీటి పక్కన పెట్టడం దానికి అన్యాయం చేయడమే. 12లో పెద్రో హిమేనెజ్, ఒలొరోసో షెర్రీ పీపాలు రెండూ కలుస్తాయి, 18లో ఒలొరోసో ఒక్కటే. కాబట్టి ఇది వయసుల మెట్లవరస కానేకాదు, వేరే వేరే వంటకాలు. 46ను 43కు దించి పెట్టినా 12 పల్చగానే తోచింది.

గ్లెన్‌ఫిడిక్ 12, 15, 18

మూడూ 40 శాతం. 12 బేరిపండు, 18 కొంచెం ఓక్, కొంచెం ఎండు పళ్లు. 15 వేరే దారి: రకరకాల పీపాల విస్కీని 1998 నుంచి ఎప్పుడూ సగానికి తగ్గనివ్వని పెద్ద సొలేరా తొట్టిలో కలిపి తీస్తారు. అందుకే తేనె చిక్కదనం దానిదే. మా ఏడుగురిలో ఐదుగురు చూడకుండా ఎంచుకున్నది 15. 18 ఎవరూ ఎంచుకోలేదు. అంతకంటే రాయడానికి లేదు.

లగవూలిన్ 8, 16

8 ఏళ్లది 48 శాతం. 2016లో డిస్టిలరీ రెండు వందల ఏళ్ల సందర్భంగా వచ్చి అలా నిలిచిపోయింది. 16 అయితే 43. 1.7 మి.లీ. నీళ్లతో సమం చేశాం. సమం చేశాక కూడా 8లో పొగ పచ్చిగా, నిమ్మతొక్కతో, టించర్ అయోడిన్ వాసనతో కొట్టింది. రెండిటికీ వాడే మాల్టుకు (మొలకెత్తించిన బార్లీ) పట్టించే పొగ మోతాదు ఒకటే, పొగ వాసననిచ్చే ఫినాల్ లెక్కన సుమారు 35 పీపీఎం (పది లక్షల్లో 35 వంతులు). పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఫినాల్ తగ్గుతుంది, చెక్కలోని వెనిలా, తీపి దాన్ని కప్పేస్తాయి. పొగ కోసం కొనేవాళ్లు వయసు ఎక్కువున్నది కొనడం తిరకాసు వ్యవహారమన్నమాట. 16ది మాత్రం ఆ రెండూ సరిగ్గా తూగే వయసు. ఈ విడతలో నా ఓటు దీనికే.

ధర గురించి ఓ లెక్క

స్కాట్లండ్ గోదాముల్లో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. 250 లీటర్ల పీపా పన్నెండేళ్లకు 196 లీటర్లు, పద్దెనిమిదేళ్లకు 174, పాతికేళ్లకు 151. అంటే 12 నుంచి 18కి పోయేది 22 లీటర్లే. మూడు రెట్ల ధరలో ఆవిరి వాటా చిన్నది, మిగతాది ఆరేళ్లు ఇరుక్కుపోయిన పెట్టుబడి, గోదాము, ఆ వయసు దాకా మిగిలిన పీపాలు తక్కువ కావడం. బెంగళూరులో అమృత్ డిస్టిలరీవాళ్లకు ఏటా 10 నుంచి 12 శాతం పోతుంది, ఆరేళ్లకే పీపా సగం ఖాళీ. మన వేడికి చెక్కలోంచి రుచి కూడా అంతే తొందరగా దిగుతుంది. అమృత్ మామూలు సీసాల మీద వయసు కనబడదేమని ఇండియా నుంచి వచ్చినవాళ్లు అడుగుతుంటారు. అక్కడ నాలుగైదేళ్లదాన్ని ఇక్కడి పన్నెండేళ్లదాని పక్కన అంకెలతో నిలబెడితే దానికి అన్యాయం జరుగుతుంది.

తర్వాతి విడతకు హైలాండ్ పార్క్ 12, 18 తెచ్చాం. 40, 43 శాతాలు, కాబట్టి 18 గ్లాసులోకి 1.1 మి.లీ. నీళ్లు. 2017 గ్లెన్‌డ్రోనాక్ బుడ్డిలో ఇంకో రెండు గ్లాసులకు సరిపడా ఉంది. దాన్ని అదే డిస్టిలరీ 15 ఏళ్ల రివైవల్ పక్కన పెట్టి, ఈసారి ఒలొరోసో సంగతి తేల్చాలని ఉంది. ఆ పూట మాత్రం పోసే పని తనది కాదని బావ ఇప్పటికే చెప్పేశాడు, వాళ్ల పాప పుట్టినరోజట.