నయాగరా తుంపర, కపిలతీర్థం ధార

అమెరికాలో చెల్లెలి ఇంటి నుంచి తిరుపతి వచ్చి వారం దాటింది. చెవుల్లో నయాగరా హోరు ఇంకా తగ్గలేదు.

జలపాతంతో పాటు దాని పక్కనున్న పార్కు కూడా నా మనసులో నిలిచిపోయింది. ఒకప్పుడు అక్కడ ఒడ్డంతా ప్రైవేటు వాళ్ల చేతుల్లో ఉండేది. కంచెలు కట్టి, జలపాతం చూడటానికి కూడా డబ్బు వసూలు చేసేవారు. జనం ఏళ్ల తరబడి పట్టుబట్టాక, 1885లో న్యూయార్క్ రాష్ట్రం ఆ భూమిని తీసుకుని అందరిదీ చేసింది. అమెరికాలో అతి పాత స్టేట్ పార్కు ఇదే. ఈనాటికీ నడిచి వెళ్లేవారికి ప్రవేశ రుసుము లేదు. ఆ మాట తెలిశాక ఆ చెట్ల కింద నడక నాకు ఇంకా ఇష్టమైంది.

గోట్ ఐలాండ్ చివర, హార్స్‌షూ జలపాతం అంచున, అమ్మ రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. కళ్లద్దాల నిండా తుంపర. తుడుచుకోలేదు. నీళ్లు అంచు దాటే చోట గాజులా ఆకుపచ్చగా వంగి, మరుక్షణం తెల్లగా విరిగిపోతున్నాయి.

"వానాకాలంలో మన కపిలతీర్థం కూడా ఇలాగే దూకుతుంది కదరా" అంది. కాదనడానికి నాకు మనసు రాలేదు.

నిన్న వాన వెలిశాక ఇద్దరం కపిలతీర్థం వెళ్లాం. కొండ మీద నుంచి ధార పుష్కరిణిలోకి పడుతోంది. అమ్మ మెట్ల మీద కూర్చుని, దోసిట్లో నీళ్లు తీసుకుని ముందు నా తల మీద చల్లింది.