కట్ట వెనక్కి వెళ్లి చూడండి

బోటింగ్‌కో, చేపలు పట్టడానికో, సాయంత్రం నడకకో కట్టుకున్న చిన్న చెరువు దగ్గర అందరూ చూసేది నీళ్లనే. బెంచీలు అటే, ఫోటోలు అటే. ఆ నీళ్లని ఆపుతున్న మట్టికట్ట ఎలా ఉందో తెలియాలంటే మాత్రం వెనక్కి వెళ్లాలి, పొదలు తప్పించుకుంటూ బయటి వాలు దిగి, కట్ట అడుగున నిలబడి చూడాలి. నేను ఇలాంటి కట్ట ఎక్కడ కనిపించినా ముందు అటే వెళ్తాను. చాలా చోట్ల అక్కడ కనిపించినవి చూసి భయమేసింది, అందుకే ఇది రాస్తున్నాను.

సాగు కోసం కట్టిన చెరువుకి ఎవరో ఒకరి కన్ను ఉంటుంది. నీళ్లు పోతే పంట పోతుంది కాబట్టి తూము (కట్ట అడుగు నుంచి నీళ్లు వదిలే గేటు, పైపు) చూస్తారు, అలుగు (చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే దారి) చూస్తారు. సరదా చెరువుకి ఆ భయం లేదు. పైగా అందం కోసం, సౌకర్యం కోసం చేసే పనులే కట్టకి చేటు తెస్తాయి. ఏడాది పొడవునా నీళ్లు నిండుగా ఉంచుతారు, చేపలు కొట్టుకుపోకుండా అలుగుకి జాలీ కడతారు, నీడ కోసం వాలు మీద చెట్లు పెంచుతారు, నడవడానికీ బండ్లకీ వీలుగా కట్ట పైభాగాన్ని చెక్కేస్తారు. విడిగా చూస్తే ఏదీ తప్పనిపించదు.

అవన్నీ ఒకచోట చేరితే ఏమవుతుందో 1889లోనే తేలిపోయింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యామ్ అని దాదాపు 22 మీటర్ల మట్టికట్ట ఉండేది. మొదట కాలువకి నీళ్లివ్వడానికి కట్టారు, తర్వాత అది సంపన్నుల చేపల వేట క్లబ్ చేతికొచ్చింది. అప్పటికే అడుగునున్న ఇనుప పైపుల్ని అంతకుముందు యజమాని పీకించి పాత ఇనుముకి అమ్మేశాడు, అంటే అవసరమైతే నీటిమట్టం దించే దారే లేదు. క్లబ్ వాళ్లు కొత్తవి వేయలేదు. బగ్గీలు తిరగడానికి కట్ట పైభాగాన్ని కాస్త తగ్గించారు, చేపలు పోకుండా అలుగుకి జాలీలు పెట్టారు. ఆ ఏడాది మే చివర్లో కుండపోత వాన పడింది, జాలీలకి చెత్త పట్టేసింది, మే 31న నీళ్లు కట్ట మీదుగా పొర్లి గండి పడింది. 22 కిలోమీటర్ల దిగువనున్న జాన్స్‌టౌన్ కొట్టుకుపోయింది. 2,200 మందికి పైగా చనిపోయారు. ఆ జాలీల గురించి చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఇప్పటికీ అదే పని చేస్తున్నారు.

ఒకచోట కళ్లారా చూశాను. అలుగుకి అడ్డంగా చేపల వల, దానికి ఆకులూ ప్లాస్టిక్ సీసాలూ తుంగా అతుక్కుని గోడలా తయారైంది. వల ఇవతల నీళ్లు అవతలికన్నా జానెడు ఎత్తులో నిలబడి ఉన్నాయి, అదీ వాన లేని రోజున. నిర్వాహకులకి చెబితే పండగ అయ్యాక తీయిస్తామన్నారు.

మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లకూడదు, అంతే. పొర్లడం కట్ట పొడవునా ఒకేసారి మొదలవదు, ఎక్కడ పల్లంగా ఉంటే అక్కడ మొదలవుతుంది. జనం నడిచి నడిచి అరిగిన కాలిబాటో, బైకు చక్రాలు చేసిన గాడో ఉంటే నీళ్లన్నీ అక్కడికే చేరి, బయటి వాలుని కోసేస్తాయి, ఆ కోత వెనక్కి చెరువు వైపుకి పాకుతుంది. కాబట్టి కట్ట పైన అరిగిన చోటల్లా మట్టి పోసి, దిమ్మిస చేసి సమంగా ఉంచాలి. బోట్లకి లోతు చాలట్లేదని అలుగు మీద చెక్కలో ఇసుక బస్తాలో పేర్చడం ఇంకా ఘోరం, వరద కోసం ఖాళీగా ఉంచిన ఎత్తుని మనమే తినేసినట్టు.

చెట్ల సంగతి చెబితే చాలామంది నొచ్చుకుంటారు. కానీ కట్ట మీద చెట్టుకి చోటు లేదు. గాలివానకి కూలితే వేళ్లతో పాటు పెద్ద మట్టిముద్ద లేచిపోయి గొయ్యి పడుతుంది. కొట్టేసి వదిలేస్తే వేళ్లు లోపలే కుళ్లి నీళ్లకి దారులవుతాయి. మొక్కగా ఉన్నప్పుడే పీకేయాలి. మాను కట్టిన చెట్టుని మాత్రం సొంతంగా పెకలించకండి, ఇంజనీర్ చూసి చెప్పినట్టు నీళ్లు తగ్గించి, వేళ్లు తీసి, ఆ గుంటని పొరలు పొరలుగా గట్టిపరచాలి. గడ్డి ఒక్కటే ఉండాలి, అదీ పొట్టిగా కోసి. అప్పుడే ఎలుక కన్నాలు, నెర్రెలు, జారిన మట్టి కంటికి కనిపిస్తాయి.

1977 నవంబర్ 6 అర్ధరాత్రి దాటాక అమెరికాలోని జార్జియాలో కెల్లీ బార్న్స్ డ్యామ్ తెగింది. ఎత్తు సుమారు 12 మీటర్లే. ఒకప్పుడు కరెంటు కోసం వాడారు, తర్వాత అది విహారానికి మిగిలిన సరస్సు. కింద బైబిల్ కాలేజీ, నిద్రలో ఉన్న కుటుంబాలు. 39 మంది చనిపోయారు. విచారణలో ఒక్క కారణమంటూ తేలలేదు గానీ నిటారుగా ఉన్న బయటి వాలు, అంతకు కొన్నేళ్ల ముందే అక్కడ మట్టి జారిన గుర్తులు, కట్ట లోపల నీటి కోత, ఎడతెగని వానలు, ఇవన్నీ లెక్కలోకి వచ్చాయి. వాలు జారడం ముందే కనిపించిందన్న మాట దగ్గర నేను ఆగిపోతాను.

ఇక ఊట. ప్రతి మట్టికట్టా కొంత ఊరుతుంది, చెమ్మ కనిపించగానే టెన్షన్ పడక్కర్లేదు. చూడాల్సింది ఆ నీటి రంగు. కట్ట అడుగున నీళ్లు కారుతున్న చోట తెల్ల గాజు సీసాలో పట్టి, కాసేపు కదపకుండా పెట్టండి. తేటగా ఉంటే ఎంత వస్తోందో, చెరువు నీటిమట్టం ఎంతుందో పక్కపక్కన రాసిపెట్టుకోండి. అడుగున సన్నటి మట్టి పేరుకుంటే కట్ట లోపలి మట్టి నీళ్లతో బయటికి వస్తోందని అర్థం, లోపల బుంగ పడుతోంది. చెరువు మట్టం పెరగకుండానే ఊట పెరిగినా అంతే ప్రమాదం. 1976లో అమెరికాలోని ఐడహోలో టీటన్ డ్యామ్ (అది చాలా పెద్దది) దగ్గర పొద్దున బురదనీళ్లు కనిపించాయి, మధ్యాహ్నం 12 కొట్టే లోపే కట్ట తెగింది. సోమవారం చూద్దాం అనుకునే వ్యవధి ఉండదు.

ఊట ఎక్కువగా మొదలయ్యేది తూము పైపు చుట్టూ. పైపు పక్కన మట్టిని గట్టిగా కూరడం కష్టం, ఆ సందులోంచి నీళ్లు దారి వెతుక్కుంటాయి. ఇనుప రేకు పైపులైతే కొన్ని దశాబ్దాల్లో తుప్పుపట్టి చిల్లులు పడతాయి. పైపు ఉన్న వరసలోనే కట్ట పైన చిన్న గుంట దిగితే దాన్ని మట్టితో పూడ్చి మర్చిపోకండి, ఆ రోజే ఇంజనీర్‌ని పిలవండి.

చిన్నదే కదా అంటారు. 2 హెక్టార్ల చెరువు, సగటు లోతు 2 మీటర్లు అనుకుంటే 40,000 ఘనపు మీటర్లు, అంటే 40,000 టన్నుల నీళ్లు. అలాంటి చెరువుకి 6 మీటర్ల కట్ట ఉంటే భారతదేశపు 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం దాన్ని పట్టించుకోదు, అది 15 మీటర్లు దాటినవాటికి, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికే వర్తిస్తుంది. ఇంగ్లండ్‌లో నేలమట్టానికి పైన 25,000 ఘనపు మీటర్లు నిలిపితే చట్టం కిందికి వస్తుంది. నాకు నీటి పరిమాణం చూసే పద్ధతే సబబనిపిస్తుంది. కింద ఇళ్లు ఎన్ని ఉన్నాయన్నది కూడా కలిపి చూడాలి.

బురద ఊట కనిపిస్తే ముందు కింద ఉన్నవాళ్లని ఖాళీ చేయించండి, అధికారులకి ఫోన్ చేయండి. ఊట నోటిని మట్టితోనో సిమెంటుతోనో మూయకండి, లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట తన్నుకొస్తుంది. ఇంజనీర్ చెప్పగా చేసే పని ఏంటంటే ముందు ఇసుక, దానిమీద కంకర, దానిమీద రాళ్లు వేసి, నీళ్లు పోనిస్తూ మట్టిని ఆపడం. నీటిమట్టం దించడం మామూలు రోజుల్లో అయితే నెమ్మదిగా, రోజుకి ఓ 30 సెంటీమీటర్ల చొప్పున చేయాలి, గబగబా దించితే తడిసిన లోపలి వాలు జారిపోతుంది. అసలు ఆ తూము తిరుగుతుందో లేదో ఏడాదికి ఒకసారైనా తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే వానలు మొదలవకముందే బాగుచేయించండి, అప్పటిదాకా పంపులు పెట్టైనా నీళ్లు తగ్గించి ఉంచండి, బోటింగ్ ఒక సీజన్ ఆగినా సరే.