లిస్బన్ గుట్టలు, అమ్మ మోకాళ్ళు

"ఏడు కొండలంటే తిరుపతి ఒక్కటే అనుకున్నానే అమ్మాయ్" అంది అమ్మ, గది కిటికీలోంచి ఎదురుగా నిట్రంగా లేచిన వీధిని చూస్తూ. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ని కూడా ఏడు కొండల ఊరంటారని నేనే నోరు జారాను. అలిపిరి మెట్లెక్కిన రోజుల నాటి మోకాళ్ళు కావు ఆవిడవి ఇప్పుడు. నాలుగు రోజులు ఎలా తిప్పాలా అని మొదటి పూటే నాకు టెన్షన్ పట్టుకుంది.

ఎవర్నడిగినా 28వ నంబరు ట్రామ్ ఎక్కమంటారు. పసుపు రంగు పెట్టె, లోపలంతా చెక్క పని, ఫొటోల్లో ముచ్చటగా ఉంటుంది. అది బయల్దేరే మార్తిం మునీజ్ దగ్గర క్యూ చూస్తే సంక్రాంతికి ఊరెళ్ళే బస్సు గుర్తొచ్చింది. ముప్పావుగంట నిలబడి ఎక్కితే సీటు లేదు. అమ్మ కమ్మీ పట్టుకుని ఊగుతోంది. ఇంతలో ఎవరో నా సంచి జిప్పు సగం లాగేశారు. నేను చూడలేదు, అమ్మ చూసింది. "ఎవడ్రా అది!" అని అచ్చ తెలుగులో గద్దించేసరికి చెయ్యి వెనక్కి పోయింది. సంచి ఎప్పుడూ పొట్ట మీదే ఉండాలి. ట్రామ్ ఎక్కి తీరాలంటే పొద్దున్నే రెండో కొసకి వెళ్ళండి, కూర్చునే చోటు దొరకొచ్చు. ఆ కొసన ఉన్నది ప్రజేరెష్ శ్మశానం. ఆ మాటకి అర్థం "ఆనందాలు" అట!

మర్నాడు మేం దిగిన ఇంటావిడ చెప్పిన దారి పట్టాం. దిగువన ఉన్న పేటని బైషా అంటారు, పైన ఉన్నది షియాదు. రెంటికీ కలిపి ఒకటే మెట్రో స్టేషన్. కింది గుమ్మంలో దూరి ఎస్కలేటర్ల మీద ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతూ పోతే షియాదులో తేలతాం. గేట్లు దాటక్కర్లేదు, టికెట్టూ అక్కర్లేదు.

గుట్ట మీదున్న సావ్ జోర్జ్ కోటకి కూడా ఇలాంటి దొడ్డిదారే ఉంది. బైషాలో ఫాంకైరుష్ వీధిలో మామూలు మేడ గుమ్మంలా కనిపించే చోట లిఫ్టు ఉంది. మేం దాన్ని దాటి రెండుసార్లు అటూ ఇటూ తిరిగాం. అది పై వీధిలో దింపుతుంది. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే సూపర్‌మార్కెట్ ఉన్న పార్కింగ్ మేడ, అందులో ఇంకో లిఫ్టు. రెండూ ఉచితమే. ఆ పైన కోట గుమ్మానికి ఇంకాస్త ఎక్కాలి కానీ, అమ్మ రెండుసార్లు ఆగి ఎక్కేసింది.

ఆ సూపర్‌మార్కెట్‌లోనే తమాషా జరిగింది. పండ్ల దగ్గర పేరు చదివి వినిపించాను, "అనానాష్". "మన అనాసే కదే!" అంది అమ్మ. మన మాట అక్కణ్ణుంచి వచ్చిందే. సబ్బు, బాల్చీ, తువ్వాలు, బొత్తాం, మేస్త్రీ కూడా పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో దిగినవే అంటారు. ఇక ప్రతి కొట్టులోనూ ఆవిడకి అదే ఆట.

తినే చోట ఒక జాగ్రత్త. కూర్చోగానే అడక్కుండా బ్రెడ్డు, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు. మర్యాద కాబోలు అని తినేశాం, బిల్లులో వచ్చింది. వద్దనుకుంటే ముట్టుకోకుండా వెనక్కి పంపండి. చెప్పులు రబ్బరు అడుగువే వేసుకోండి. అక్కడి కాలిబాటల సున్నపురాయి అరిగి అరిగి అద్దంలా ఉంటుంది, చినుకు పడితే జర్రున జారుతుంది.

బెలెం పేటలో జెరోనిముష్ మఠం ముందు క్యూ ఎండలో వీధి చివరిదాకా ఉంది. వాస్కో డ గామా సమాధి అక్కడే. "ఆయన్ని చూడకపోతే ఏం లే" అంది అమ్మ. వెనక్కొచ్చేశాం.

బదులుగా ఊరి నడుమ రోసియు చౌకు పక్కనే ఉన్న సావ్ దుమింగుష్ చర్చికి వెళ్ళాం. దారంతా చదునే. లోపల అడుగు పెట్టగానే అమ్మ మాట ఆగిపోయింది. 1755 భూకంపంలో దెబ్బతిని లేచిన గుడి, 1959లో నిప్పంటుకుని కాలిపోయింది. పైకప్పు మళ్ళీ వేశారు, స్తంభాల్ని మాత్రం అలాగే వదిలేశారు. రాయి పెచ్చులూడి, బీటలు వారి, అక్కడక్కడ మసి రంగు. అమ్మ వెళ్ళి ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించి నిలబడింది, మన గుళ్ళో ధ్వజస్తంభాన్ని తాకినట్టు. తర్వాత బల్ల మీద అరగంట కూర్చుంది. బయట చిన్న స్మారకం ఉంది. 1506లో క్రైస్తవంలోకి మారిన యూదుల ఊచకోత ఈ చర్చి దగ్గరే మొదలైంది. అది చదివి చెప్తే, "ఇంత చిన్న రాయి పెట్టారేం?" అంది.

ఆఖరి సాయంత్రం కైష్ దు సొద్రే రేవులో కసిల్యష్‌కి పడవెక్కాం. మెట్రో కార్డులో డబ్బులుంటే చాలు, అదే పడవకీ పనికొస్తుంది. పది నిమిషాల్లో నది అవతలి ఒడ్డు. ఏప్రిల్ 25 వంతెన మీద కార్లు పోతుంటే ఇనప జాలీ తుమ్మెదల గుంపులా రొద పెడుతుంది, గాలి ఇటు తిరిగితే నీళ్ళ మీద దాకా వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా గుట్టల మీద పొడుగ్గా పరిచినట్టుంది, మేం ఎక్కినవీ ఎక్కనివీ అన్నీ.

తిరిగి ఇటు దిగాక అమ్మ రేవులోనే ఆగింది. "దీంట్లో మెట్లు లేవు, ఇంకోసారి వెళ్ళొద్దామా?"

కార్డులో డబ్బులున్నాయి. వెళ్ళాం.