నలభై ఒకటో పుస్తకం

ఇంగ్లిష్ నవలాకారుడు టెర్రీ ప్రాచెట్ పుస్తకం మొదటిసారి నా చేతికి వచ్చింది ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద. పేరు 'మోర్ట్', 40 రూపాయలు. మృత్యువు తన దగ్గర పని నేర్చుకోవడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకుంటాడు, అదీ కథ. ఆ మృత్యువు ఒక అస్థిపంజరం. పిల్లులంటే ఇష్టం. ఎక్కి తిరిగే తెల్ల గుర్రం పేరు బింకీ. మాట్లాడేదంతా ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోనే.

ఆ సెలవుల్లో శ్రీకాకుళం వెళ్లి అమ్మమ్మకి కథ చెప్పబోయి అక్కడే ఇరుక్కుపోయాను. మనకి పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కదా, ఆ గొంతు తెలుగులోకి ఎలా తేవాలి? చివరికి నాటకాల్లో యముడిలా బొంగురు గొంతు పెట్టాను. అమ్మమ్మ అదేమీ పట్టించుకోలేదు. ఆవిడ ధ్యాసంతా తాబేలు మీదే. ప్రాచెట్ తన నవలల కోసం సృష్టించిన లోకం డిస్క్‌వరల్డ్, పళ్లెంలా బల్లపరుపుగా ఉంటుంది. దాన్ని నాలుగు ఏనుగులు మోస్తాయి. ఆ ఏనుగుల్ని వీపున పెట్టుకుని ఒక తాబేలు అంతరిక్షంలో ఈదుతూ పోతుంటుంది.

"ఇది మన శ్రీకూర్మం సామి కథే కదేటి? ఏనుగులు నాలుగేనా? మనకి ఎనిమిది కదరా!" అంది.

ఐదో ఏనుగు కూడా ఉండేదట, జారి పడిపోయిందట అని తర్వాతెప్పుడో చెబితే, "మరి మిగతా మూడూ?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

2015 మార్చి 12న ప్రాచెట్ పోయారు. 66 ఏళ్లు. అల్జీమర్స్ అని 2007లోనే తేలింది, అయినా చివరిదాకా రాస్తూనే ఉన్నారు. ఆయన ట్విట్టర్ ఖాతాలో ఆ కబురు కూడా పెద్దక్షరాల్లోనే, మృత్యువు గొంతుతోనే మొదలైంది. ఆఫీసు క్యాబ్‌లో ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాను. "ఏమైంది సార్, బంధువులా?" అన్నాడు డ్రైవర్. బాబాయి లాంటివాడు అన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు.

డిస్క్‌వరల్డ్ నవలలు 41. చివరిది ఆ ఆగస్టులో వచ్చింది. కొన్నాను, బీరువాలో దుప్పట్ల కింద పెట్టేశాను. చదివేస్తే ఇక కొత్తది ఉండదు కదా. సగం రాసి వదిలేసినవి ఎప్పుడైనా బయటికొస్తాయన్న ఆశ కూడా పోయింది. ఆయన కోరిక ప్రకారమే 2017లో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో ఆయన హార్డ్ డిస్క్‌ని ఆవిరితో నడిచే పాతకాలపు రోడ్డు రోలర్‌తో తొక్కించేశారు.

ఇక ఆయనలా రాసే ఇంకొకరి కోసం వెతుకులాట. మొదట్లో నేను చేసిన పొరపాటు, మంత్రగాళ్లూ జోకులూ రెండూ ఉంటే చాలనుకోవడం. రాబర్ట్ ఆస్ప్రిన్ చదివాను, జోకులకి నవ్వాను, అట్ట మూసేశాక ఏమీ మిగల్లేదు. టామ్ హోల్ట్ ఎత్తుగడలు భలే ఉంటాయి, వంద పేజీలయ్యాక నాకు ఊపిరాడదు. జాస్పర్ ఫోర్డ్ దగ్గర కొంచెం నిలదొక్కుకున్నాను. 'ది ఐర్ అఫైర్'లో దొంగ ఏకంగా ఒక నవల్లోంచి నాయికనే ఎత్తుకుపోతాడు. తెలివైన పుస్తకమే, కాదనను. అయినా లోపల ఏదో వెలితి.

ఆ వెలితి ఏమిటో 'మెన్ ఎట్ ఆర్మ్స్' మళ్లీ తిరగేస్తుంటే దొరికింది. అందులో వైమ్స్ అనే పోలీసాయన బూట్ల లెక్క వేస్తాడు. డబ్బున్నవాడు 50 డాలర్లు పెట్టి మంచి జత కొంటే పదేళ్లు వస్తాయి. పేదవాడు 10 డాలర్ల బూట్లు మళ్లీ మళ్లీ కొని అదే పదేళ్లలో 100 డాలర్లు తగలేస్తాడు, పైగా పాదాలు తడుస్తూనే ఉంటాయి. ప్రతి జూన్‌లో మా నాన్న కొనిచ్చిన బూట్లు, సంక్రాంతికల్లా నోరు తెరిచే ఆ అడుగులు గుర్తొచ్చాయి. నేను వెతకాల్సింది మంత్రగాళ్ల కోసం కాదు, ఇలా లెక్క వేసేవాళ్ల కోసం.

అప్పుడు దొరికారు డయానా విన్ జోన్స్. ఆవిడ కూడా 2011లోనే పోయారు. 'హౌల్స్ మూవింగ్ క్యాజిల్' (1986)లో సోఫీ ముగ్గురు అక్కచెల్లెళ్లలో పెద్దది. కథల్లో గెలిచేది ఎప్పుడూ ఆఖరివాళ్లే కాబట్టి తన బతుకింతే అని ముందే తీర్మానించుకుంటుంది. పేదరాశి పెద్దమ్మ కథలు విని పెరిగినవాళ్లకి ఇది వేరే చెప్పాలా! ఒక మంత్రగత్తె శాపం పెట్టి ఆ పిల్లని ముసలమ్మని చేస్తుంది. సోఫీ ఏడవదు. అద్దంలో చూసుకుని, ఆరోగ్యంగానే ఉన్నావులే అని తనకి తనే సర్దిచెప్పుకుంటుంది. ఆ తర్వాత నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ముసలితనం ఎంత సౌకర్యమో ఆ పేజీల్లో చూసి నవ్వుతుంటే అమ్మమ్మే కళ్లముందు మెదిలింది. ప్రాచెట్ లాగా మాత్రం కాదు. ఫుట్‌నోట్లు లేవు, మృత్యువు లేడు. అయినా ఆ రాత్రి రెండింటిదాకా లేవలేదు.

పోయిన నెల దుప్పట్ల కింద నుంచి 41వది తీశాను. నాలుగు రోజుల్లో అయిపోయింది. మొదట్లోనే ఒక దెబ్బ ఉంది, చెప్పను. మరుసటి ఆదివారం ఆబిడ్స్‌లో జోన్స్ రాసిన 'క్యాజిల్ ఇన్ ది ఎయిర్' కనిపించింది, తివాచీలు అమ్ముకునే అబ్దుల్లా కథ. 80 అన్నాడు. 60కి ఇచ్చాడు.