పనస తొనకూ బర్చ్ పుప్పొడికీ చుట్టరికం

పనసపండు తిన్న కొద్ది నిమిషాలకే పెదవులు, అంగిలి దురద పెడితే ఒడిశాలోని మా గజపతి జిల్లా పల్లెల్లో అందరూ ముందుగా అనుమానించేది పనసపాలనే. చేతులకు, కత్తికి నూనె రాసుకుని కాయ కోసినా, తొనల మీద జిగురు ఎక్కడో మిగిలిపోయి ఉంటుందంటారు. జర్మనీలో చాలా ఏళ్లుగా ఉంటున్న మా మేనకోడలికి ఈ వేసవిలో పర్లాకిమిడిలో ఇలాగే జరిగినప్పుడు మా అక్క కూడా అదే మాట అంది. అయితే ఆ అమ్మాయికి అక్కడ ఏటా ఏప్రిల్‌లో వచ్చే తుమ్ములకు, కళ్ల దురదకు బర్చ్ చెట్టు పుప్పొడే కారణమని డాక్టర్లు తేల్చి ఉన్నారు. పైగా మర్నాడు పనసకాయ కూర కడుపునిండా తిన్నా ఆమెకు ఏమీ కాలేదు. జీవరసాయనశాస్త్రం బోధించే నాకు ఈ రెండు సంగతులూ ఒకే ప్రోటీన్ కుటుంబాన్ని గుర్తుచేశాయి.

పూర్వం మనవాళ్లు రాతకు వాడిన భూర్జపత్రం ఈ బర్చ్ జాతి చెట్టు బెరడే. హిమాలయాల్లో పెరిగే ఆ జాతి మా మహేంద్రగిరి మీద కనిపించదు. బర్చ్ పుప్పొడిలోని ప్రధాన అలర్జీ కారకం బెట్ వి 1 అనే ప్రోటీన్. దాని బరువు సుమారు 17 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలత). 1996లో ఎక్స్-కిరణాల స్ఫటిక పద్ధతి ద్వారా వెల్లడైన ఆకృతిలో ప్రోటీన్ గొలుసులో చాచినట్టుండే ఏడు భాగాలు (బీటా పోగులు) వంపు తిరిగిన పలకలా ఏర్పడి, స్ప్రింగులా చుట్టుకున్న పొడవైన ఒక భాగాన్ని (ఆల్ఫా సర్పిలం) చుట్టుకుని ఉంటాయి. నడుమ, నీటితో పొసగని అణువులు ఇమిడేంత ఖాళీ ఉంటుంది. మొక్కలు తెగుళ్లను ఎదుర్కొనేటప్పుడు తయారుచేసుకునే పీఆర్-10 కుటుంబానికి చెందిన ఈ ప్రోటీన్‌కు ఆపిల్‌లో, చెర్రీలో, క్యారెట్‌లో దగ్గరి బంధువులున్నాయి. పనస వల్ల కలిగే అలర్జీకి కూడా బర్చ్ పుప్పొడితో ఇటువంటి సంబంధమే ఉండగలదని 2004లో ఐరోపా పరిశోధకులు ప్రచురించారు.

అలర్జీని రేపే ఐజీఈ అనే ప్రతిరక్షకం (యాంటీబాడీ) ఇక్కడ ప్రధానంగా గుర్తుపట్టేది అమైనో ఆమ్లాల వరుసను కాదు, ప్రోటీన్ మడతపడ్డాక పైకి తేలే ఉపరితలాన్ని. చీర రంగు ఏదైనా అంచు మీది గోపురాల వరుసను చూసి బరంపురం పట్టు చీర అని పోల్చుకున్నట్టే, బర్చ్‌కు అలవాటుపడిన ఐజీఈ ఆపిల్ ప్రోటీన్‌ను కూడా పట్టేస్తుంది. ఈ ఉపరితలంలో నాకు అత్యంత ఆసక్తికరమైన చోటు రెండో, మూడో బీటా పోగుల మధ్యనున్న, గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే మెలిక. బెట్ వి 1లో అక్కడ 45వ స్థానంలో ఉన్న గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లాన్ని తీసి సెరీన్ అనే మరో అమైనో ఆమ్లం పెడితే ఐజీఈ పట్టు తగ్గుతుంది. 2001లో ఆకృతి తెలిసిన చెర్రీ ప్రోటీన్‌లో కూడా అదే స్థానాన్ని మార్చినప్పుడు పట్టు సడలింది.

వండిన కూర బాధించకపోవడానికి కారణం ఇందులోనే ఉంది. వేడికి ఆ మడత విడిపోతే ఉపరితలం చెదిరి, ఐజీఈకి పట్టు దొరకదు. అయినా విడిపోయిన ముక్కలను రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు గుర్తించగలవు గనుక, బర్చ్ అలర్జీతో పాటు ఎగ్జిమా అనే చర్మవ్యాధి కూడా ఉన్న కొందరికి వండిన పదార్థంతోనూ చర్మబాధ పెరగవచ్చు.

మామిడి సొన తగిలి పెదవి పొక్కడాన్ని దీనితో కలపకూడదు. అది ప్రోటీన్ల వల్ల కాక చిన్న రసాయన అణువుల వల్ల, సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చే వ్యాధి. పీచ్ పండులోని ప్రు పి 3 మరీ వేరు. సుమారు 9 కిలోడాల్టన్ల ఆ ప్రోటీన్‌ను నాలుగు డైసల్ఫైడ్ బంధాలు (గంధక పరమాణువుల మధ్య బంధాలు) బిగించి ఉంచడం వల్ల అది వేడికీ, జీర్ణరసానికీ లొంగదు, ప్రాణాపాయం కూడా తేగలదు. అందుకే ఏ పండుతో ఇబ్బంది కలిగినా ఉడికించి తిని చూద్దామని ఇంట్లో ప్రయోగాలు చేయవద్దని గట్టిగా చెబుతాను.

నన్ను బాధించేది మరొకటి ఉంది: రక్తపరీక్ష కాగితంలో పండ్ల పేర్ల పక్కన గుర్తులు చూసి, పిల్లలకు అరటి, పుచ్చ, పనస అన్నీ మాన్పించేస్తున్న ఇళ్లు. గడ్డి పుప్పొడిలోనూ పండ్లలోనూ ఉండే ప్రొఫిలిన్ అనే ప్రోటీన్‌ను ఐజీఈ పట్టుకున్నంత మాత్రాన, ఏ ఇబ్బందీ లేకుండా తింటున్న పండును మానవలసిన పని సాధారణంగా ఉండదు. ఏ పండు తింటే, ఎంతసేపటికి, ఏమైందో రాసుకుని వెళ్లి, పండు రసంతో చేసే పరీక్షకు బదులు విడివిడి ప్రోటీన్లతో చేసే పరీక్ష అవసరమా అని అలర్జీ నిపుణుణ్ణి అడగడం మంచిది.