ముందు తోయం, తరువాతే పుష్పం

పత్రం పుష్పం ఫలం తోయం యో మే భక్త్యా ప్రయచ్ఛతి
తదహం భక్త్యుపహృతమశ్నామి ప్రయతాత్మనః

గీత తొమ్మిదవ అధ్యాయంలోని ఈ శ్లోకం వినని ఇల్లు మన వైపు ఉండదు. స్వామికి ఆర్భాటం అక్కరలేదని, భక్తితో ఇచ్చినది ఆకైనా చాలునని పెద్దలు చెప్పే తాత్పర్యం అందరికీ తెలిసినదే గనుక దాన్ని మళ్ళీ చెప్పబోను. చైత్రమాసం వచ్చి మల్లెలు మొగ్గ తొడిగినప్పటి నుంచి నా మనస్సు ఈ శ్లోకంలో చివరగా వచ్చే తోయం, అంటే నీరు, దగ్గరే ఆగిపోతోంది. పీఠం ముందు కూర్చున్నవారికి పత్రం, పుష్పం, ఫలం, ఆ తరువాత తోయం అనే వరుస సరిపోతుంది. పెరట్లో నిలబడినవారికి ఆ వరుస తిరగబడుతుంది. అక్కడ ముందు తోయం. ఆ తోయమే కొన్నాళ్ళకు పత్రమవుతుంది, మరికొన్నాళ్ళకు పుష్పమవుతుంది, స్వామి దయ ఉంటే ఫలమవుతుంది. కాబట్టి చెట్టు మొదట్లో చెంబెడు నీళ్ళు పోసినవాడు పువ్వు కోయకముందే స్వామికి అర్పణ మొదలుపెట్టాడని నా నమ్మకం.

మాది మండపేట. కడియపులంక నర్సరీలు దగ్గరే కావడం వల్ల మా వీధుల్లోకి ఉగాది ముందర మొక్కల బండ్లు వస్తూనే ఉంటాయి, మందారమో నందివర్ధనమో కొనని ఇల్లాలు ఉండదు. కొనడం సులువు. మల్లెను చూడండి: పుష్యమాసంలో నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, మాఘంలో పాదు తవ్వి పశువుల ఎరువు వేసి మళ్ళీ తడి ఇస్తే తప్ప వసంతంలో అది మనసారా పూయదు. దవనం ఇంకా సుకుమారమైనది, మట్టి ఆరిందంటే వాలిపోతుంది. చైత్ర శుద్ధ ద్వాదశినాడు విష్ణువుకు, చతుర్దశినాడు శివుడికి దవనం సమర్పించాలని శాస్త్రం చెబుతోంది కదా; ఎండ ముదిరి, గోదావరి కాలువలు కట్టేసి, బావుల్లో నీరు దిగిపోయే రోజులకు దగ్గరగానే ఆ తిథులు వస్తాయి. నీరు కరువయ్యే వేళలోనే నీటిని నమ్ముకున్న ఆ చిన్న మొక్కను స్వామి కోరుకున్నాడంటే, ఆయనకు కావలసినది దాని పరిమళం ఒక్కటే కాదనిపిస్తుంది.

ఈ భావం నాకు రామానుజుల శిష్యుడైన అనంతాళ్వారు కథలో స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీరంగంలో భగవద్రామానుజులు, తిరుమల కొండమీద ఉండి స్వామికి పుష్పకైంకర్యం చేయగలవారెవరని సభలో అడిగినప్పుడు ఆయన ఒక్కరే లేచి నిలబడ్డారు. వెళ్ళింది పువ్వుల కోసం, కానీ కొండమీద ఆయన ఎత్తిన మొదటి పనిముట్టు పూలసజ్జ కాదు, గునపం. తోటకు నీళ్ళుండాలని చెరువు తవ్వడానికి పూనుకుని, నిండు గర్భిణి అయిన భార్య మట్టి తట్టలు మోస్తుంటే పరాయి సాయం ఒప్పుకోకుండా తవ్వారు. స్వామి బాలుడి రూపంలో వచ్చి ఆ తల్లి తట్ట అందుకున్నదీ, కోపంతో అనంతాళ్వారు విసిరిన గునపం తగిలి స్వామి గడ్డానికి గాయమైనదీ, దానికి పచ్చకర్పూరం అద్దినదీ మనమందరం విన్నదే. మహాద్వారం దగ్గర గోడకు వేలాడే ఆ గునపాన్ని చూసి దండం పెట్టుకునేవారు ఒక్క మాట గమనించాలి. స్వామి వచ్చింది తోట పూసిన తరువాత కాదు. తోటలో ఒక్క మొగ్గ లేని నాడు, చెరువులో ఇంకా నీరు చేరని నాడు, మట్టి మోయడానికి వచ్చాడు. తిరుమలలో స్వామి సేవలో ఉన్న తిరుమలనంబి అభిషేకానికి మోసుకొస్తున్న జలాన్ని బోయవాడి రూపంలో వచ్చి దాహమంటూ తాగినవాడూ ఆయనే. నీటి కోసం పడే శ్రమ దగ్గరకు ఆయన పిలవకుండానే వస్తాడు.

ఇంత తెలిసిన మనం ఇప్పుడు చేస్తున్నదేమిటి? తెల్లవారుజామున నడకకు బయలుదేరిన పెద్దమనుషులు చేతిలో ప్లాస్టిక్ సంచితో కనిపిస్తారు. ప్రహరీ మీదుగా వంగిన ప్రతి గన్నేరు కొమ్మనూ, ప్రతి మందారాన్నీ లాగి, విచ్చని మొగ్గలతో సహా కోసుకుని, ఇంటికి పోయి అదే శ్లోకం చదువుతూ స్వామి పాదాల దగ్గర పెడతారు. మా గోడ పక్క మందారం కొమ్మ అలాగే చీలిపోయింది. ఆ కొమ్మకు పిండినల్లి పడితే వేపనూనె, సబ్బు నీళ్ళతో ఆకు ఆకూ కడిగి బతికించుకున్నది మా ఇంటివారు. పుష్పదంతుడంతటి గంధర్వుడు, శివపూజ కోసమే అయినా, రాజుగారి తోటలో పువ్వులు దొంగిలించబోయి శక్తి పోగొట్టుకున్నాడు. అక్కడ శివనిర్మాల్యం, అంటే శివుడి పూజలో వాడి తీసినది, తొక్కడమే ఆయనకు ముప్పు తెచ్చింది. పరాయి పువ్వూ, నిర్మాల్యం పట్ల అలక్ష్యమూ రెండూ ఆ ఒక్క కథలోనే ఉన్నాయి, మనం రెండూ చేస్తున్నాం. కాలువ కట్టేసిన రోజుల్లో వంతెన మీద నిలబడి చూడండి. మూటకట్టి విసిరిన పూజపూలు సంచులతోపాటే అడుగున బురదలో పడి ఉంటాయి. తిరుమలలో స్వామి విడిచిన పువ్వును మనుషులు తలలో కూడా పెట్టుకోరే! మన ఇంటి నిర్మాల్యాన్ని ఎవరూ తొక్కని మూల, చెట్టు పాదులో కప్పిపెడితే మట్టిలో కలిసి ఆ చెట్టుకే బలమవుతుంది.

పెరడు లేదని బాధపడకండి. అద్దె ఇంటి మెట్ల మీద ఒక తొట్టి చాలు, అందులో ఒక తులసి చాలు. పువ్వు పూయని రోజున బజారుకు పరుగెత్తకుండా ఆ మొక్కకు నీళ్ళు పోసి నమస్కరించండి. నాలుగింటిలో ఒకటి సమర్పించినట్లే, స్వామి దాన్ని తక్కువగా చూడడు. చైత్ర పౌర్ణమికి ముగిసేలా తిరుమలలో మూడు రోజులు వసంతోత్సవం చేసి, ఎండకు స్వామి సొమ్మసిల్లకుండా తిరుమంజనం, అంటే అభిషేకం, చేస్తారు. వైశాఖంలో శివలింగం పైన ధారాపాత్ర కడతారు. అదే మాసంలో మీ తులసికోట మీదా, వీధి చివర రావిచెట్టు మొదట్లోనూ నీటి ధార ఆగకుండా చూడండి. చిన్న మట్టికుండకు అడుగున సన్నని రంధ్రం చేసి, దర్భ దూర్చి వేలాడదీస్తే నీరు చుక్క చుక్కగా పడుతుంది. మధ్యాహ్నానికి అది ఖాళీ అవుతుంది గనుక మళ్ళీ నింపే పని ఇంట్లో పిల్లలకు అప్పగించి, నింపేటప్పుడు ఈ శ్లోకం వారి చేత చదివించండి.