బజ్జీల లెక్క

పొద్దున ఎనిమిదికల్లా లెక్కలు మొదలుపెట్టాలని రాత్రే గట్టిగా అనుకున్నాం. ఎనిమిదింటికి జరిగింది వేరు. ఉగ్గానికని నానబెట్టిన బొరుగుల్లో మా కుక్క మూతి పెట్టింది. నేను అరిచిన అరుపుకు పిల్లి బెదిరి అలమర ఎక్కింది. పప్పుల పొడి డబ్బా కింద పడింది. పిల్లి మాత్రం పదకొండు దాకా దిగలేదు.

మా ఆయన చీపురు పట్టుకున్నారు. చిన్నదేమో "అమ్మా, ఈరోజు సెలవా?" అంది. ఇంట్లోనే చదివే పిల్లకు సెలవు మీద ఇంత ఆశేంటో!

చివరికి పాఠం బజ్జీల దగ్గరే అయింది. మిరపకాయ బజ్జీలు పదకొండు, మేము నలుగురం. తలా రెండు పోగా మిగిలిన మూడింటిని ఎట్లా పంచాలి? "తలా ముప్పావు" అన్నాడు పెద్దోడు, నోట్లో బజ్జీతోనే. ఈ భిన్నాల కోసం వారం రోజులుగా గొంతు చించుకుంటున్నాను నేను!

పక్కింటి పెద్దమ్మకు మా పిల్లల పదో తరగతి పరీక్ష మీదే టెన్షన్. పద్నాలుగేళ్లు నిండితే జాతీయ ఓపెన్ స్కూల్‌లో రాయొచ్చని ఎన్నిసార్లు చెప్పానో. "అయితే మీ కుక్కకూ ఫీజు కట్టు, అది కూడా రోజూ కూర్చుంటుంది కదా" అంటుంది.

సాయంత్రం కొండారెడ్డి బురుజు దాకా వెళ్లాం. 1953 అక్టోబరు 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా మన కర్నూలే ఆంధ్ర రాష్ట్ర రాజధాని అని చెప్పాను. చిన్నది కాసేపు ఆలోచించి, "అయితే మన ఊరు మూడేళ్లు క్లాస్ లీడరా?" అంది.

ఇంటికొచ్చి చూస్తే, లెక్కల నోటుపుస్తకం మీద పిల్లి నిద్రపోతోంది. ఎవరూ లేపలేదు.